పాల్ ఎర్లిక్ : ఆయన చెప్పినది, లోకం విన్నది

మన పల్లెల్లో కంచెల మీద పాకే తీగకు కాసే గురివింద గింజలను ఎరుగని వారుండరు. పూర్వం కంసాలులు బంగారాన్ని ఆ గింజలతోనే తూచేవారు. ఉర్దూలో రత్తీ అనే తూనికకు కూడా ఆ గింజే ఆధారం. ఎర్రని ఒంటిపై నల్లని మచ్చగల ఆ చిన్న గింజలో అబ్రిన్ అనే ఘోరమైన విషం దాగి ఉన్నది. 1891లో బెర్లిన్ నగరంలో ఒక వైద్యుడు ఆ విషాన్నే సాధనంగా చేసుకొని, ప్రాణి శరీరానికి గల ఆత్మరక్షణ శక్తిని తూచి చూపించారు. ఆయనే పాల్ ఎర్లిక్.

గురివింద తన నలుపు తానెరుగదని మన సామెత. శరీరం తన్ను తాను ఎరుగునా? శత్రువు కొరకు సిద్ధం చేసిన ఆయుధం తన మీదికే తిరుగకుండా ఎట్లా కాపాడుకొంటుంది? ఈ ప్రశ్నను ప్రయోగశాలలో నిలబెట్టి, దానికొక పేరు పెట్టిన వారు కూడా ఎర్లిక్ గారే. ఆయన చెప్పిన సమాధానంలో సగాన్ని మాత్రమే లోకం విన్నది. మిగిలిన సగం వినడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. సిఫిలిస్ వ్యాధికి మందు కనుగొన్న మహనీయుడుగా ఆయనను అందరూ ఎరుగుదురు కనుక, ఈ వ్యాసంలో ఆ కథను క్లుప్తంగా ముగించి, ఈ రెండవ కథను కొంత విపులంగా చెప్పదలచాను.

ఎర్లిక్ 1854 మార్చి 14న సైలీషియా ప్రాంతంలోని స్ట్రేలెన్ అనే చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. అప్పుడది ప్రష్యా రాజ్యంలో భాగం. నేడు పోలెండు దేశంలో ఉన్నది. తండ్రి ఇస్మార్ మద్యపు బట్టీ, సత్రం నడుపుకొనే గృహస్థు. తల్లి రోజా. తల్లి వైపు బంధువైన కార్ల్ వైగర్ట్ ఎర్లిక్ కంటె తొమ్మిదేళ్ళు పెద్ద. కణజాలాలకూ సూక్ష్మజీవులకూ రంగులద్ది సూక్ష్మదర్శినిలో పరిశీలించే విద్యలో ఆయన ఆద్యులలో ఒకరు. ఆ రోజుల్లో జర్మనీలో తారు నుండి కృత్రిమ రంగులు తీసే పరిశ్రమ వెల్లువలా పెరుగుతున్నది. బట్టలకు అద్దే రంగులను ప్రాణికణాలకు అద్దడం అన్న అన్నగారి ముచ్చట తమ్మునికి జీవితవ్రతమైంది.

బ్రెస్లా, స్ట్రాస్‌బుర్గ్, ఫ్రైబుర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలలో ఆయన వైద్యవిద్య సాగింది. క్రమశిక్షణ గల విద్యార్థి అని మాత్రం ఎవరూ అనలేదు. బల్లల నిండా, చేతుల నిండా రంగులే. బ్రెస్లాకు వచ్చిన రాబర్ట్ కోఖ్ గారికి ఈ కుర్రవానిని చూపించి, రంగులద్దడంలో దిట్టయే గాని పరీక్షలు గట్టెక్కలేడని పరిచయం చేశారట. పరీక్షల భయంతో ఈ పత్రికను పక్కన పెట్టిన విద్యార్థులెవరైనా ఉంటే ఈ ఒక్క వాక్యం కోసమైనా తిరిగి తెరువవచ్చును. 1878లో లైప్‌జిగ్‌లో డాక్టరు పట్టం ఆయనకు లభించింది. సిద్ధాంత వ్యాసం కూడా రంగుల మీదనే.

ఒక రంగు ఒక కణానికే అంటుకొని, పక్కనున్న కణాన్ని ఎందుకు విడిచిపెడుతుంది? ఎర్లిక్ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకు వ్యాఖ్యానమని చెప్పవచ్చు. ఏ పదార్థమైనా కణంలోని ఏదో ఒక భాగానికి తగులుకొన్నప్పుడే పని చేస్తుందని ఆయన దృఢంగా విశ్వసించారు. తెల్లరక్తకణాలను రంగుల ఆధారంగా ఆయన చేసిన విభజన నేటికీ ఆసుపత్రులలో రక్తపరీక్ష కాగితం మీద కనిపిస్తున్నది.

1878లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ఫ్రెరిఖ్స్ గారి వద్ద ఉద్యోగం దొరికింది. అక్కడ 1881లో ఆయన చేసిన ఒక చిన్న ప్రయోగాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలెను. చలి తగిలినప్పుడల్లా మూత్రం నల్లగా, ఎర్రగా పోయే ఒక వింత వ్యాధి ఆ కాలపు యూరప్‌లో ఉండేది. చలిలో ఎర్రరక్తకణాలు చిట్లి, వాటిలోని హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగడమే దానికి కారణం. ఎర్లిక్ అట్టి రోగి వ్రేలికి దారం బిగించి, ఆ వ్రేలిని మంచునీటిలో ముంచి, తరువాత గోరువెచ్చని నీటిలో ఉంచి, ఆ వ్రేలి నుండి రక్తపు చుక్క తీశారు. గడ్డకట్టిన తరువాత పైకి తేరిన సీరం ఎర్రగా ఉన్నది. మొత్తం శరీరంలో జరిగే విధ్వంసం ఒక్క వ్రేలిలోనే జరిగిందన్నమాట. చలికి రక్తనాళపు గోడల నుండి ఏదో విషపదార్థం వెలువడి కణాలను కరిగిస్తున్నదని ఆయన ఊహించారు. ఆ ఊహ తప్పు. అసలు దోషి రోగి రక్తంలోనే తేలుతున్నది. అయితే అప్పటికి ప్రతిరక్షకాలు, అనగా యాంటీబాడీలు, ఉన్నవనే ఎవరికీ తెలియదు.

ఆ మరుసటి ఏడే, 1882లో, ఆకుపచ్చని కాంతితో మెరిసే ఫ్లోరెసీన్ అనే రంగును కుందేళ్ళకిచ్చి, అది కంటిలోని ద్రవంలోకి ఎట్లా వచ్చి చేరుతుందో ఆయన పరిశీలించారు. ఈ రంగు కూడా మన కథలోకి మరల వస్తుంది. అదే సంవత్సరం మార్చి 24న కోఖ్ గారు క్షయక్రిమిని ప్రకటించగా, ఆ సభలో ఉన్న ఎర్లిక్ కొద్ది కాలంలోనే ఆ క్రిమికి రంగులద్దే మెరుగైన పద్ధతిని కనుగొన్నారు. 1883లో హెడ్విగ్ పింకుస్‌ను వివాహమాడారు. వారికి ఇద్దరు కుమార్తెలు. కొన్నేళ్ళకు, తాను మెరుగుపరచిన ఆ పద్ధతితోనే తన కఫంలో క్షయక్రిములను చూచుకొనవలసి వచ్చింది. ఆరోగ్యం కోసం ఈజిప్టు వెళ్ళి, 1889లో తిరిగి వచ్చేసరికి చేతిలో ఉద్యోగం లేదు. ప్రష్యా విశ్వవిద్యాలయాలలో ఆనాడు యూదులకు పూర్తి ఆచార్యపదవి లభించడం చాలా అరుదు. మతం మార్చుకొని ముందుకు సాగిన వారు కొందరున్నారు. ఎర్లిక్ మార్చుకోలేదు. పూర్తి ఆచార్యపదవి ఆయనకు 1914లో, అరవయ్యవ ఏట, కొత్తగా వెలసిన ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో మాత్రమే దక్కింది.

నిరుద్యోగిగా సొంతంగా ఏర్పరచుకొన్న చిన్న ప్రయోగశాలలో మొదలైనవే గురివింద ప్రయోగాలు. ఆముదపు గింజలోని రిసిన్‌ను, గురివిందలోని అబ్రిన్‌ను చుంచెలుకలకు అత్యల్ప మోతాదులలో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఇచ్చారు. కొన్ని వారాలలో అవి మామూలు ఎలుకను చంపే మోతాదుకు వందల రెట్లు తట్టుకోగలిగాయి. రిసిన్‌కు అలవాటుపడిన ఎలుక అబ్రిన్‌కు మాత్రం చచ్చిపోయింది. అనగా శరీరం ఏ విషానికి ఆ విషానికే విడిగా విరుగుడు తయారు చేస్తున్నది. తల్లి ఎలుక తన రక్షణను పాల ద్వారా కూడా పిల్లలకు ఇస్తుందని తరువాత నిరూపించారు. ఈ ప్రయోగాలన్నింటిలో నాకు విశేషంగా తోచేది ఆయన లెక్క. అంతకు ముందు రోగనిరోధక శక్తి ఉన్నదనీ లేదనీ మాత్రమే చెప్పేవారు. ఎంత ఉన్నదో చెప్పినవారు ఎర్లిక్.

ఆ లెక్క అవసరం వెంటనే వచ్చింది. బేరింగ్, కిటసాటో 1890లో కనుగొన్న విరుగుడు సీరాలు ఒక సీసాకు ఒక బలం, మరొక సీసాకు మరొక బలంగా ఉండేవి. కంఠసర్పితో ఊపిరాడక పోతున్న పసిబిడ్డకు ఎంత ఇవ్వాలో వైద్యునికి తెలియని స్థితి. ఆ సీరాన్ని యూనిట్లలో కొలిచే ప్రమాణాన్ని ఎర్లిక్ నెలకొల్పారు. 1896లో బెర్లిన్ శివారు స్టెగ్లిట్స్‌లో చిన్న పాత కట్టడంలో ఆయనకొక సంస్థ ఏర్పడింది. నీటి కొళాయి, దీపపు మంట, అద్దుడు కాగితం ఉంటే చాలునని ఆయన తృప్తిపడేవారు. 1899లో ఆ సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారింది. అక్కడి ఆయన గదిలో సోఫా మీద, కుర్చీల మీద పుస్తకాల గుట్టలే. అతిథి కూర్చోవడానికి చోటుండేది కాదు. చంకలో చుట్టల పెట్టె, జేబులో రంగు పెన్సిళ్ళు. సహాయకులకు ఆదేశాలు రంగు కాగితపు ముక్కల మీద. కాగితం దొరకనప్పుడు చొక్కా కఫ్ మీదనే రసాయన సూత్రాలు.

సీరం కొలతలతో పాటే 1897లో ఆయన పార్శ్వశృంఖల సిద్ధాంతాన్ని ప్రకటించారు. కణం ఉపరితలాన ఆహారాన్ని పట్టుకొనేందుకు కొన్ని కొక్కేల వంటివి ఉన్నవి. వీటినే తరువాత గ్రాహకాలన్నారు. విషం దైవికంగా ఒక కొక్కేనికి తాళంచెవి తాళంలో ఇమిడినట్లు ఇమిడితే, ఆ కొక్కెం పనికిరాకుండా పోతుంది. కణం నష్టాన్ని పూడ్చుకొంటూ అవసరానికి మించి కొక్కేలను తయారు చేస్తుంది. మిగిలినవి ఊడి రక్తంలో తేలుతాయి. అవే ప్రతిరక్షకాలు. వివరాలలో ఈ సిద్ధాంతం నిలువలేదు. ప్రతిరక్షకాలను తయారుచేసేవి అన్ని కణాలు కావు. అయినా గ్రాహకం అన్న భావన లేకుండా నేటి వైద్యమూ లేదు, ఔషధశాస్త్రమూ లేదు.

ఆలోచించే పాఠకునికి ఇక్కడొక సందేహం రాక తప్పదు. ఎర్లిక్‌కూ వచ్చింది. ఏ పదార్థమైనా కొక్కేనికి ఇమిడితే ప్రతిరక్షకం పుట్టేటట్లయితే, శరీరంలోని స్వంత పదార్థాల మీద ఎందుకు పుట్టదు? 1898లో బోర్డే గారు, ఒక జంతువు రక్తకణాలను వేరొక జాతి జంతువుకు ఎక్కిస్తే వాటిని కరిగించే గుణం ఆ సీరానికి అబ్బుతుందని చూపించారు. ఎర్లిక్, ఆయన సహచరుడు మోర్గెన్‌రోత్ మరొక అడుగు వేశారు. మేకకు మేక రక్తమే ఎక్కించారు. ఆ మేక సీరం ఇతర మేకల ఎర్రకణాలను కరిగించింది. తన స్వంత కణాలను మాత్రం ముట్టుకోలేదు. మేకలను మార్చి మార్చి చూశారు. పరాయి మేక రక్తం మీద ప్రతిరక్షకాలు పుట్టాయి. స్వంత రక్తం మీద పుట్టలేదు.

1901 నాటికి ఎర్లిక్ ఈ స్థితికి హారర్ ఆటోటాక్సికస్ అని లాటిన్ పేరు పెట్టారు. స్వవిషభీతి అని మనం అనువదించుకోవచ్చు. తన్ను తాను విషపూరితం చేసుకోవడానికి శరీరం వెనుదీస్తుందని దాని భావం. అయితే అంతటితో ఆయన ఆగలేదు. స్వంత కణాలకు విరోధమైన పదార్థాలు పుట్టడం అసంభవమని ఆయన సిద్ధాంతీకరించలేదు. అవి హాని చేయకుండా లోపల ఏవో నియంత్రణ ఏర్పాట్లు ఉండవలెననీ, ఆ ఏర్పాట్లు విఫలమైనప్పుడు వ్యాధి కలుగవచ్చుననీ, ముందు ముందు కొన్ని వ్యాధులకు కారణం వెతికేటప్పుడు ఈ వైఫల్యాన్ని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుందనీ స్పష్టంగానే వ్రాశారు. పేరు గంభీరమైనది. వివరణ పొడవైనది. పాఠ్యగ్రంథాలలోకి పేరు ఎక్కింది. వివరణ ఎక్కలేదు. శరీరం తనపై తాను ప్రతిరక్షకాలను తయారు చేయదన్నది ఎర్లిక్ శాసనమని తరువాతి తరం వల్లెవేసింది.

చిత్రమేమంటే, ఆ శాసనానికి అపవాదం మూడేళ్ళలోనే బయటపడింది. 1904లో వియన్నాలో డొనాత్, లాండ్‌స్టైనర్ అనే ఇద్దరు ఆ చలిమూత్ర వ్యాధినే తీసుకొన్నారు. రోగి సీరాన్ని ఎర్రకణాలతో కలిపి చల్లబరిస్తే సీరంలోని పదార్థమొకటి కణాలకు అంటుకొంటున్నది. తరువాత వెచ్చబెడితే కణాలు చిట్లుతున్నవి. ఆ పదార్థం రోగి స్వంత కణాలను కూడా కరిగిస్తున్నది. మానవ వ్యాధికి కారణంగా నిరూపితమైన మొట్టమొదటి స్వయం ప్రతిరక్షకం అదే. ఇరవై మూడేళ్ళ క్రితం ఎర్లిక్ దారం కట్టిన వ్రేలిలో పని చేసినదీ అదే. శాస్త్రలోకం దానినొక అరుదైన వింతగా ఎంచి పక్కన పెట్టింది.

ఈలోగా ఎర్లిక్ దృష్టి మందుల వైపు మళ్ళింది. 1906లో ఒక ధనికుని వితంతువు ఫ్రాన్సిస్కా స్పేయర్ ఇచ్చిన విరాళంతో ఆయనకు రెండవ పరిశోధనాలయం లభించింది. 1908లో మెచ్నికాఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నారు. 1909లో జపాను నుండి వచ్చిన సహాచిరో హాటా కుందేళ్ళ మీద పరీక్షించగా 606వ సంఖ్య గల ఆర్సెనిక్ మందు సిఫిలిస్‌పై పనిచేసింది. 1910లో అది సాల్వర్సాన్ పేరుతో లోకానికి అందింది. కీర్తి వెంట నిందలూ వచ్చాయి. అలసట మిగిలింది. 1915 ఆగస్టు 20న బాడ్ హోంబుర్గ్‌లో ఆయన కన్నుమూశారు. వయస్సు 61.

ఆ 606 మందు ఎవరికివ్వాలో తేల్చే రక్తపరీక్షను 1906లో వాసర్‌మన్, ఎర్లిక్ చిన్ననాటి సహాధ్యాయి నైసర్, బ్రుక్ కలిసి ప్రకటించారు. సిఫిలిస్ క్రిమిపై పుట్టిన ప్రతిరక్షకాన్ని కనుగొంటున్నామని అందరూ తలచారు. ఎద్దుగుండె సారంతో కూడా ఆ పరీక్ష అంతే బాగా పనిచేయడం కనిపించింది. 1941లో పాంగ్‌బోర్న్ అనే విదుషి దానిలోని అసలు పదార్థాన్ని కార్డియోలిపిన్‌గా గుర్తించారు. అది మన కణాలలోనూ ఉండే కొవ్వు పదార్థం. అంటే స్వయం ప్రతిరక్షకాలు లేవని వల్లెవేస్తూనే, లోకంలోని ప్రయోగశాలలు వాటిని లక్షల రోగులలో ప్రతిదినం కొలుస్తూ వచ్చాయి!

ఆ అర్ధశతాబ్దంలో నష్టపోయినవారు రోగులు. వంశపారంపర్యంగా వచ్చే రక్తనాశపు పాండురోగమేదో, నడుమ వచ్చినదేదో వేరుచేసే నిశ్చితమైన పరీక్ష లేదు. 1945లో కూంబ్స్, మౌరంట్, రేస్ రూపొందించిన పరీక్షతో, మరుసటి ఏడు ఆ భేదం తేటపడింది. నడుమ వచ్చిన రోగుల ఎర్రకణాలకు ప్రతిరక్షకాలు అంటుకొని కనిపించాయి. 1948లో లూపస్ వ్యాధిలో ప్రత్యేక కణాన్ని హార్‌గ్రేవ్స్ బృందం గుర్తించింది. కీళ్ళవాతంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్‌ను 1940లో వాలర్, 1948లో రోజ్ వర్ణించారు.

ఈలోగా జర్మనీలో హిట్లరు ప్రభుత్వం ఎర్లిక్ పేరును వీధి ఫలకాల నుండి కూడా తీసివేయించింది. భార్య హెడ్విగ్ దేశం విడిచి, చివరకు అమెరికాలో తలదాచుకొని 1948లో మరణించారు. ఎర్లిక్ శిష్యుడు హాన్స్ సాక్స్ ప్రవాసానికి పోయారు. ఆ సాక్స్ గారి శిష్యుడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే పుట్టిన ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ 1933లో కొలువు పోగొట్టుకొని, అమెరికాలోని బఫెలో నగరం చేరారు. ఎర్లిక్ మాటంటే ఆయనకు వేదం. 1950లలో ఆయన వద్ద పనిచేస్తున్న యువకుడు నోయెల్ రోజ్ కుందేళ్ళకు కుందేలు థైరాయిడ్ సారమే ఎక్కించగా ప్రతిరక్షకాలు పుట్టాయి. చివరకు, ఒక కుందేలు థైరాయిడ్‌లో కొంత కోసి తీసి, ఆ సారాన్ని దానికే ఎక్కించినా పుట్టాయి. మిగిలిన గ్రంథి వాచి చెడిపోయింది. విటెబ్‌స్కీ నమ్మలేదు. మరల మరల చేయించారు. సంవత్సరాలు గడచిన తరువాత 1956లో ప్రకటించారు. అదే సంవత్సరం లండన్‌లో రోయిట్, డోనియాక్ ప్రభృతులు హషిమోటో థైరాయిడ్ వ్యాధిగ్రస్తుల రక్తంలో అట్టి ప్రతిరక్షకాలనే చూపించారు. కోట విరిగింది. విరుగగొట్టిన వారిలో ఒకరు ఆ కోటకు మునిమనుమని వంటివారు. విటెబ్‌స్కీ మొండితనాన్ని కొందరు తప్పుపట్టవచ్చు. స్వంత గురుపరంపరకు విరుద్ధమైన ఫలితాన్ని తొక్కిపెట్టక, పరీక్షించి పరీక్షించి ప్రకటించిన ఆయన నిజాయితీయే నాకు పెద్దదిగా తోస్తున్నది.

నేడు స్వయం ప్రతిరక్షకాల పరీక్ష వ్యాధినిర్ణయంలో నిత్యకృత్యం. లూపస్ అనుమానం గల రోగి సీరాన్ని గాజు పలక మీది కణాలపై పోసి, ఫ్లోరెసీన్ తగిలించిన మరొక ప్రతిరక్షకంతో వెలిగించి చూస్తారు. కేంద్రకాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. 1882లో కుందేలు కంటిలో ఎర్లిక్ చూసిన రంగే అది. కండరాలు నీరసించే మయస్తీనియా వ్యాధిలో ప్రతిరక్షకాలు గ్రాహకాలపైనే దాడి చేస్తాయని 1973లో పాట్రిక్, లిండ్‌స్ట్రోమ్‌ల కుందేళ్ళ ప్రయోగం దారి చూపింది. ఆ గ్రాహకమన్న మాట ఎవరిదో పాఠకులెరుగుదురు.

అయితే ప్రతిరక్షకం కనబడినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. 1997లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఆరోగ్యవంతుల సీరాన్ని 40 రెట్లు పలుచన చేసి చూస్తే దాదాపు నూటికి 32 మందిలో కేంద్రక ప్రతిరక్షకాలు కనిపించాయి. 160 రెట్లు పలుచన చేస్తే 5 మందిలో మాత్రమే. అందుకే వైద్యులు ఉన్నదా అని గాక, ఎంత పలుచన వరకు ఉన్నదని అడుగుతారు. రోగలక్షణాలతో కలిపి చూస్తారు. 2003లో అమెరికా సైనికుల నిలువ సీరాలను పరీక్షించగా, తరువాత లూపస్ సోకిన 130 మందిలో 115 మందికి వ్యాధి నిర్ణయం కాకముందే ఏదో ఒక స్వయం ప్రతిరక్షకం ఉన్నట్లు తేలింది. కొందరిలో తొమ్మిదేళ్ళ ముందునుండే. పుట్టడం వేరు, హాని చేయడం వేరు, నడుమ ఒక నియంత్రణ ఉన్నదని 1901లో ఎర్లిక్ వ్రాసిన మాట ఈ అంకెలలో ఇప్పుడు చదువుకోవచ్చు.

చలిమూత్ర వ్యాధి నేడు బహు అరుదు. వచ్చినా ఎక్కువగా జ్వరం తగ్గిన చిన్నపిల్లలలోనే. అటువంటి బిడ్డ ఆసుపత్రికి వస్తే, రక్తాన్ని వెచ్చగానే తెచ్చి, సీరాన్ని ఎర్రకణాలతో కలిపి ఒక గొట్టాన్ని మంచులో పెట్టి, తరువాత 37 డిగ్రీల వెచ్చని నీటిలో ఉంచుతారు. రెండవ గొట్టాన్ని మొదటి నుండీ వెచ్చగానే ఉంచుతారు. మొదటి గొట్టంలో పైకి తేరిన సీరం ఎర్రబారి, రెండవది తేటగా ఉంటే వ్యాధి నిశ్చయం. పరీక్షకు డొనాత్, లాండ్‌స్టైనర్‌ల పేర్లే ఉన్నవి. మంచులో ముంచి వెచ్చబెట్టే ఆ పద్ధతి మాత్రం 1881లో షారిటే ఆసుపత్రిలో, ఒక రోగి వ్రేలి మీద, ఎర్లిక్ చేసినదే.